తర్జుమా కాకముందే జవాబు

నా ప్రశ్నను అబిగెయిల్ ఇంకా హిందీలోకి మార్చనే లేదు. అవతలి నుంచి జవాబు వచ్చేసింది.

నేను అడిగింది చిన్న మాటే. "ఆదివారం పూట పిల్లల్ని చర్చికి పంపుతారా, లేక ఆ రోజూ గేటుకి తాళమేనా, అడగవే," అన్నాను మనవరాలితో మన తెలుగులోనే. అబిగెయిల్ ఫోను మీదికి వంగి నోరు తెరిచేలోగా, స్పీకరులోంచి నేహా అనే ఆ అమ్మాయి గడగడా చెప్పేసింది. నాకు ఇంగ్లీషు రాదు, హిందీ అంతంతమాత్రం. కానీ సండే తెలుసు, చర్చి తెలుసు, గేటు తెలుసు. ఆ మూడూ ఆ మాటల్లో ఉన్నాయి.

గదిలో కూలరు మాత్రం తన గోల తనదే అన్నట్టు తిరుగుతోంది.

"అమ్మమ్మా," అంది అబిగెయిల్ మెల్లగా, "నేనింకా అడగలేదు."

నా కూతురు రెబ్కా డ్యూటీకని తెల్లచీర కట్టుకుని, అద్దం ముందు జుట్టుకు పిన్నులు పెట్టుకుంటోంది. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు అది. చేతిలో పిన్ను చేతిలోనే ఉంచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఫోను వైపు ఒంగి, పసిపిల్లని నిద్ర లేపుతున్నట్టు పిలిచింది.

"పెర్సీ?"

అవతల ఊపిరి వినిపించింది. ఆ వెనకాల ఇంకెవరెవరో అమ్మాయిలు ఎవరెవరికో జవాబులు చెబుతున్న రొద. "థాంక్యూ ఫర్..." అని సగం మాట వచ్చింది. లైను తెగిపోయింది.

పోయిన వారం నుంచి చదువుతున్న మీకు ఆ ఫోను ఎందుకు చేశామో తెలుసు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. మా రెబ్కాకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పెర్సిస్, అదే మా పెర్సీ, యమున అవతలున్న యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. చిన్నది అబిగెయిల్, ఈ ఏడే పన్నెండో తరగతి పాసైంది. వాళ్ళమ్మకేమో దాన్ని మన పశ్చిమ గోదావరిలోని మిషను ఆసుపత్రికి నర్సింగు చదవడానికి పంపాలని. దానికేమో అక్క ఉన్న యూనివర్సిటీలోనే చరిత్ర చదవాలని. మేముండే ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్ల వెనక పాత గుమ్మటం ఒకటుంది. పావురాలు తప్ప ఎవరూ వెళ్ళని ఆ గుమ్మటం దగ్గర కూర్చుని, దాన్ని ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో ఊహించుకునే పిల్ల అది. "మీ అక్క చెప్పింది సరే, ఆఫీసు వాళ్ళ నోటితో కూడా విననీ, అప్పుడు చూద్దాం," అని రెబ్కా పంతం పట్టింది. అందుకని ఇంటిల్లిపాదీ వినేలా స్పీకరు పెట్టి, కొత్త పిల్లల సందేహాలు తీర్చే నంబరుకి ఫోను చేశాం. క్లాసుల సంగతి అబిగెయిల్ అడిగింది. హాస్టల్లో రాత్రి పూట ఆడమనిషి కాపలా ఉంటుందా అని రెబ్కా అడిగింది. అన్నం పెడతారా, రొట్టెలేనా అని నేను అడిగాను. దానికి నేహా, "సౌత్ ఇండియన్ పిల్లల కోసం రోజూ రైస్ ఉంటుంది మేడమ్," అని నవ్వింది కూడా.

ఆ నవ్వు ఎక్కడో విన్నట్టుందని నాకు అప్పుడే అనిపించింది. ఢిల్లీలో ఆడపిల్లలందరూ ఒక్కలాగే నవ్వుతారులే అనుకుని ఊరుకున్నాను.

మళ్ళీ ఫోను చేసింది అబిగెయిల్. ఈసారి ఇంకో అమ్మాయి ఎత్తింది. నేహా సీట్లో లేదంది. పెర్సిస్ సెల్లుకి చేస్తే అది ఆపేసి ఉంది.

"నెట్‌వర్క్ ఉండదు ప్రాక్టికల్స్‌లో," అన్నాడు బాల్కనీలోంచి మా అల్లుడు నథానియేలు.

నాకు అదొకటి గుచ్చుకుంది. కూతురి గొంతు వేరే పేరుతో ఇంట్లోకి వచ్చి వెళ్ళింది. తల్లి ఇంకా ఫోను మీదే ఒంగి ఉంది. ఈయన మాత్రం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని నెట్‌వర్కు గురించి చెబుతున్నాడు. పొద్దున కూడా, "శనివారం ఎవరూ ఎత్తర్రా, ఎందుకు ఫోను," అన్నది ఆయనే.

రెబ్కా వార్డుకి ఫోను చేసి డ్యూటీ మార్పించుకుంది. పిన్నులన్నీ తీసి ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. జుట్టు భుజాల మీద పడిపోయింది. అలాగే కూర్చుంది. నేను అన్నం వడ్డిస్తానంటే, "నువ్వు తినమ్మా," అంది. నేనొక్కదాన్ని ఎలా తింటాను?

పెర్సిస్ వచ్చేసరికి ఎండ నెత్తి మీదుంది. తలుపు తీసే ఉంది. అయినా లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడిపోయింది. మెడలో నీలం తాడు, దానికి ఫొటో అతికించిన బిళ్ళ. తీయడం మర్చిపోయినట్టుంది. రెండు బస్సులు మారి వచ్చిందేమో, చున్నీ తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మమ్మా, మంచినీళ్ళు," అంది నావైపు చూసి.

పసితనం నుంచీ ఆ పిల్ల బయటి నుంచి వస్తే మొదట అడిగేది నన్నే. ఒకటో క్లాసులో ఉండగా బడి బస్సు దిగి, "అమ్మమ్మా, మంచినీళ్ళు," అని వీధి మొదట్నించే అరిచేది. కింద పోర్షన్ పంజాబీ ఆవిడ కూడా ఆ రెండు ముక్కలూ నేర్చేసుకుంది. ఆ పూట నేను లేవలేకపోయాను. అబిగెయిల్ లేచింది. గ్లాసు తెచ్చింది. అక్క చేతికి ఇవ్వలేదు. గుమ్మం పక్కన నేల మీద పెట్టి వెనక్కి వచ్చి కూర్చుంది.

"పీ లీజియే, నేహా జీ," అంది హిందీలో, తాగండి అని పరాయి మనిషికి చెప్పినట్టు.

పెర్సిస్ ఆ గ్లాసు ముట్టుకోలేదు.

"లోపలికి రా. తలుపెయ్యి," అంది రెబ్కా. "మెట్ల మీద వాళ్ళకి కూడా వినపడాలా మన బతుకు?"

తలుపేసి, దానికే ఆనుకుని నిలబడింది పెర్సిస్.

"ఎప్పట్నించే?"

"పోయిన ఏడాది సెలవుల నుంచి."

"ఏం పోయిన ఏడాది సెలవుల నుంచి? సరిగ్గా చెప్పు. ఆ ఫోన్ల పని చేస్తూ చదువుకుంటున్నావా?"

"లేదు మమ్మీ. చదవట్లేదు."

రెబ్కా ముఖంలో ఏమీ మారలేదు. ఆసుపత్రిలో చెడ్డ కబురు విని విని అలవాటైన ముఖం అది. కాళ్ళు మాత్రం మంచం పట్టెకి గట్టిగా ఆనించింది.

"ఫస్టియర్లోనే వెనకబడ్డాను," అంది పెర్సిస్. "ఒక క్లాసు అర్థం కాలేదు. సిగ్గేసి రెండోది మానేశాను. రెండోది మానేశాక మూడోది అసలే అర్థం కాలేదు. చివరికి హాజరు సరిపోలేదని పరీక్షకి కూర్చోనివ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు. ఇంటికి వచ్చి చెప్పేద్దామనే వచ్చాను మమ్మీ. నిజం. ఆ ఆదివారం నువ్వు నాకు కొత్త చీర కట్టించి చర్చికి తీసుకెళ్ళావు. విద్యార్థుల ఆదివారం అని."

మా తెలుగు చర్చి సంఘంలో అదొక ఆనవాయితీ. కాలేజీలు తెరిచే ముందు ఒక ఆదివారం చదువుకునే పిల్లల్నందరినీ ముందుకి పిలుస్తారు. సంఘ కార్యదర్శి ఒక్కొక్కరి పేరూ, చదివే క్లాసూ పైకి చదువుతాడు. పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత బయట చెట్టు కింద టీ. కొత్తగా పన్నెండు పాసైన పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు పెర్సిస్ చుట్టూ చేరేవాళ్ళు. లైబ్రరీ ఎంతసేపు తెరిచి ఉంటుంది, ర్యాగింగు ఉందా, లెక్చరర్లు కోప్పడతారా అని ఒకటే ప్రశ్నలు. ఈ పిల్ల టీ గ్లాసు పట్టుకుని ఓపిగ్గా అన్నిటికీ చెప్పేది. వాళ్ళలో కమలాకుమారి గారైతే, "నీ కూతురు చెబుతుంటే మళ్ళీ చదువుకోవాలనిపిస్తుంది రెబ్కా," అనేవారు. ఆ మాట విన్న రోజు మా రెబ్కా ఇంటికొచ్చి పాట పాడుతూ గిన్నెలు తోమింది.

"చెట్టు కింద అందరికీ చెప్పినవన్నీ?" అంది రెబ్కా.

"ఫోనులో ఏం చెప్పాలో మాకు నేర్పిస్తారు. అవే చెప్పాను."

"ఇంట్లో చెప్పినవి?"

"అవీ అవే."

"ఫస్టు వచ్చావనీ, ఫీజు మాఫీ చేశారనీ చెప్పావు. దానికి ఈ గదిలోనే కృతజ్ఞత కూడిక పెట్టాను నేను. సాక్ష్యం చెప్పాను. నలుగురి ముందు ఏడ్చాను, దేవుడింత మేలు చేశాడని."

పెర్సిస్ తల దించుకుంది.

నేను ఊరుకోలేకపోయాను. ఒకటి అడగాలి. దానికన్నా పెద్దవి చాలా ఉన్నాయి గానీ, నా నోట అదే వచ్చింది.

"ఒసే పెర్సీ, మరి దీపు?"

దీపు అంటే దాని గదిలో ఉంటుందని చెప్పిన పిల్ల. కొండప్రాంతం నుంచి వచ్చిందట. బల్లులంటే భయమట. తల్లికి ఊపిరితిత్తుల జబ్బట. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా వాళ్ళందరి పేర్లూ అయ్యాక ఆ పిల్ల తల్లిని కూడా తలుచుకుంటాను నేను. ఆవిడ పేరేంటో అడిగితే, పెర్సిస్ ఓ క్షణం ఆలోచించి సరోజ అని చెప్పింది. అప్పటి నుంచీ సరోజ, సరోజ అని మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతున్నాను దేవుణ్ణి. ఆపరేషను బాగా జరిగిందని చెప్పిన రోజు పాయసం కాచాను.

పెర్సిస్ మెడలోని నీలం తాడు వేలికి చుట్టుకుంది.

"దీపు ఉందా లేదా చెప్పవే."

"లేదమ్మమ్మా."

"వాళ్ళమ్మ?"

"ఎవరూ లేరు."

"మరి దీపుకని వేరే డబ్బాలో కట్టి పంపిన సున్నుండలో?"

"లక్ష్మీ నగర్‌లో పీజీలో, అద్దె గదిలో ఉంటున్నాను. అక్కడి పిల్లలందరం తిన్నాం." నేల మీది గ్లాసు వైపు చూసింది. "బావున్నాయన్నారు అమ్మమ్మా."

ఇంకో రోజైతే నవ్వేదాన్నేమో. ఎన్నో మాటలు మోస్తోంది ఈ బుర్ర. చదువు మూడో తరగతితోనే ఆగినా, విన్నదేదీ జారిపోదు నాకు. హాస్టలు పెరట్లోకి వచ్చే నెమలి, మెస్సులో కూర బాగోకపోతే పిల్లలు పళ్ళేలు మోగించడం, చలికాలం పచ్చిక మీద కూర్చోబెట్టి పాఠం చెప్పే మాస్టారు, అన్నీ నా లోపలే ఉన్నాయి. నేను చూసిన ఊళ్ళకన్నా చూడని ఆ చోటే నాకు బాగా తెలుసు. ఇప్పుడు వాటిలో ఏది తీసి పారెయ్యాలి, ఏది ఉంచుకోవాలి?

"నోరు తెరిచి సారీ అయినా చెప్పదు చూడు," అంది రెబ్కా. "ముక్కూ మొహం తెలియని వాళ్ళకి థాంక్యూలు, మేడమ్‌లూ. తల్లిని మాత్రం..."

"ఆ ముక్కూ మొహం తెలియని వాళ్ళు అడుగుతారు మమ్మీ!" పెర్సిస్ గొంతు ఒక్కసారి లేచింది. "మా పిల్లకి దిగులేస్తే ఎవరితో చెప్పుకోవాలి, క్లాసు అర్థం కాకపోతే ఏం చెయ్యాలి అని అడుగుతారు. రోజూ ఎవరో ఒక తల్లి అడుగుతుంది. నేను ఇంటికొచ్చినప్పుడు ఎన్ని మార్కులు అని తప్ప నన్నేమడిగారు మీరు?"

"అంటే తప్పు నాదా? నైట్ డ్యూటీలు చేసి చదివించినందుకా?"

"నేనలా అన్లేదు."

"అన్నావు. అదే అన్నావు. మీ నాన్న చూడు, అక్కడ ఎలా చచ్చిపడి ఉన్నాడో. పోయిన ఆదివారమే కదా అందరి ముందూ నిలబడి, పెర్సిస్, మూడో సంవత్సరం అని నీ పేరు చదివాడు! కార్యదర్శి అయ్యాక మొదటిసారి చదవడం. గొంతు వణికింది ఆయనకి. ఆ మనిషిని చూసైనా నీకు..."

రెబ్కా మాట మధ్యలోనే ఆగింది. ఎందుకంటే పెర్సిస్ తల్లిని చూడటం లేదు. బాల్కనీ వైపు చూస్తోంది.

"డాడీ," అంది, "మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?"

పేపరు కిందికి దిగింది. నథానియేలు ముఖం చూశాను. ఆయన మంచివాడు. కాదని నేనెప్పుడూ అనను. మినిస్ట్రీలో ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకరితో మాట పడలేదు. నన్ను అత్తలా కాదు, తల్లిలా చూసుకున్నాడు. కానీ ఆ ముఖం, దొరికిపోయిన వాడి ముఖం.

"ఏం చెప్పాలండీ?" అంది రెబ్కా.

"చలికాలంలో," అని గొంతు సవరించుకున్నాడు. "చలికాలంలో స్వెట్టరు ఇచ్చొద్దామని హాస్టలుకి వెళ్ళాను. అక్కడ లేదన్నారు."

"చలికాలంలో."

"వెతికాను. లక్ష్మీ నగర్‌లో దొరికింది. నీకు చెబుదామనే అనుకున్నాను. క్రిస్మస్ ముందు ఎందుకులే అనుకున్నాను. తర్వాత కార్యదర్శి ఎన్నిక వచ్చింది. ఆ తర్వాత నీ బీపీ..."

"నా బీపీని మధ్యకి తేకండి." రెబ్కా అరవలేదు. అరిస్తే బాగుండేది. "రోజూ పదిమందికి బీపీ చూసేదాన్ని. నాది నేను చూసుకోగలను. తెలిసి చదివారా ఆ పేరు? ప్రసంగ వేదిక మీద నిలబడి?"

"చదవకపోతే అందరూ అడుగుతారు కదా రెబ్కా."

"నేను పక్కనే కూర్చుని ఆమెన్ అన్నాను."

ఆయన లేచి కూలరులో నీళ్ళున్నాయో లేదో చూడబోయాడు. ఉన్నాయి. ఊరికే మూత తీసి మళ్ళీ పెట్టాడు.

అబిగెయిల్ అప్పటిదాకా గోడకి ఆనుకుని మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. ఇప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"డాడీ, నాతో ఏమన్నారు మీరు? మమ్మీ ఒద్దంటోంది, నేనేం చెయ్యాలని అడిగితే ఏమన్నారు?"

"అబీ..."

"మీ అక్క ఉన్న చోటే కదా, కళ్ళు మూసుకుని చేరమన్నారు. నా తల నిమిరి చెప్పారు."

"నువ్వు చేరితే, దాన్నీ నీతో పాటు మళ్ళీ చేర్పిద్దామనుకున్నాన్రా. ఇద్దరూ ఒకచోట ఉంటే అది కూడా దారిలో పడుతుందని."

"అంటే నేను చదువుకోవడానికి కాదు," అంది అబిగెయిల్. "దీదీకి కాపలాకి."

నథానియేలు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్ల చూడనట్టు ముఖం తిప్పేసింది.

రెబ్కా లేచి జుట్టు ముడేసుకుంది. తనకి తెలిసిన పనిలోకి దిగుతున్న మనిషిలా ఉంది. "అయిపోయిందిగా. చూశావుగా. ఇంక ఆ యూనివర్సిటీ మాట ఎత్తకు. నర్సింగుకి వెళ్తున్నావు. అక్కడ అబద్ధాలుండవు, నెమళ్ళుండవు. పొద్దున్నే లేస్తే పని నేర్పిస్తారు. ఎక్కడికెళ్ళినా అన్నం పెడుతుంది ఆ చదువు. నాకు పెట్టలేదా?"

"నేను వెళ్ళను మమ్మీ. సోమవారం వాళ్ళకి నేనే ఫోను చేసి రానని చెప్తాను."

"చెప్పడానికేం లేదు."

"అంటే?"

రెబ్కా ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. "నేను చెప్పేశాను. బుధవారం. అబిగెయిల్ వస్తోందని. అక్కడి సూపరింటెండెంటు నాతో కలిసి చదివింది. సీటు నీ పేరున ఉంచేసింది."

ఈ సంగతి నాకూ తెలియదు. ఒకే మంచం మీద పక్కపక్కన పడుకుంటాం నేనూ నా కూతురూ. ఆసుపత్రిలో ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, ఏ డాక్టరు ఎవరిని కసురుకున్నాడు, అన్నీ చెప్పి గానీ నిద్రపోదు. ఈ మాట మాత్రం లోపలే పెట్టుకుంది.

"మరి ఈ ఫోను?" అంది అబిగెయిల్. "ఆఫీసు వాళ్ళ నోటితో విననీ, అప్పుడు చూద్దాం అన్నావు. బుధవారమే అయిపోయాక శనివారం ఎందుకు చేయించావు?"

"నీ తృప్తి కోసం."

"నా తృప్తి కోసమా!"

"నేను దాచానని ఇందాకటి నుంచి దులిపేస్తున్నావు కదా," అన్నాడు నథానియేలు నెమ్మదిగా.

"మీరు మాట్లాడకండి! నేను దాచింది దాని మంచికి."

"నేనూ అంతే."

"చాలు!" అంది అబిగెయిల్. చేతులతో చెవులు మూసుకుని, తీసి, అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. చివరికి నా దగ్గర ఆగింది చూపు. "అమ్మమ్మా, నువ్వేం దాచావో అది కూడా ఇప్పుడే చెప్పెయ్."

"నేనేం దాచలేదే తల్లీ," అన్నాను.

నిజమే చెప్పాను. నా చెవులకే అది అబద్ధంలా వినపడింది. ఆ ఇంట్లో ఆ పూట ఎవరు ఏమన్నా అలాగే వినపడేదేమో.

అబిగెయిల్ లేచి అక్క ఎదురుగా నిలబడింది. ఇద్దరూ ఒకే ఎత్తు. చిన్నదాని ముఖంలో కోపం కూడా లేదు. అలిసిపోయినట్టుంది.

"ఒక్కటే అడుగుతాను. ఝూఠ్ మత్ బోల్నా, అబద్ధం చెప్పకు. పచ్చిక మీద పాఠం చెప్పే చరిత్ర మాస్టారు ఉన్నారా?"

ఆ మాస్టారి కోసమే ఈ పిల్ల ఏడాది నుంచీ వెళ్తానంటోంది. ఆయన పిల్లల్ని పాత కోటలకి తీసుకెళ్ళి, రాయి మీద చెయ్యి పెట్టించి, దీన్ని మోసిన మనిషి పేరు ఎందుకు రాయలేదో చెప్పండి అని అడుగుతాడట. ఇది విన్న రోజు అబిగెయిల్ అన్నం సగంలో వదిలేసి గుమ్మటం దగ్గరికి పరిగెత్తింది.

పెర్సిస్ తలుపు వదిలి పక్కకి జరిగింది.

"తెలీదు అబీ."

"తెలీదంటే?"

"లేడని కూడా చెప్పలేను. ఫోనులో ఒక సీనియర్ అమ్మాయి ఎవరికో చెబుతుంటే విన్నాను ఆయన గురించి. చరిత్ర డిపార్టుమెంటు వేరే బిల్డింగు. నేనెప్పుడూ అందులోకి వెళ్ళలేదు. పోయినేడు పిల్లలు తక్కువైతే ఆ కోర్సు ఎత్తేస్తారని కూడా అన్నారు. ఎత్తేశారో లేదో నాకు తెలీదు."

"మరి ఇందాక ఫోనులో కోర్సు ఉందని చెప్పావుగా. నాకు. స్పీకరులో."

"ఎవరు ఏ కోర్సు అడిగినా ఉందనే చెప్పాలి."

"అడుగుతున్నది నేనని తెలిసి కూడా?"

"నీ గొంతు వినగానే తెలిసింది. ఫోను పెట్టేద్దామనుకున్నాను. నువ్వు ఎంత సంతోషంగా అడుగుతున్నావో... చెప్పలేకపోయాను."

చాలా చిన్నగా తలూపింది అబిగెయిల్. లోపల ఏదో తలుపు వేసేసుకున్నట్టు. తర్వాత అలమారలోంచి మార్కుల షీటు, ఫొటోలు తీసి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు వెళ్తే అక్కడ ఎవరైనా ఉంటారా?"

"శనివారాల్లో అడ్మిషన్ ఆఫీసు సాయంత్రం అయిదు వరకు తెరిచే ఉంటుంది, మీరు ఎప్పుడైనా..." అని నేహా గొంతుతో మొదలుపెట్టి, నాలిక కరుచుకుంది పెర్సిస్. అది విని రెబ్కా ముఖం చేతుల్లో దాచుకుంది.

"ఎక్కడికే ఎండలో?" అన్నాను.

"అడగడానికి. ఎవరి నోటి మాటా నాకొద్దు. ఆ బిల్డింగు దగ్గరికే వెళ్ళి, ఆయన ఉన్నాడా లేడా నేనే అడుగుతాను. ఉంటే అక్కడ. లేకపోతే..." లేకపోతే ఏమిటో చెప్పలేదు. దానికీ తెలియదు.

"అబీ, నేనొస్తాను. దారి నాకు తెలుసు," అంది పెర్సిస్.

"దారి బస్సు కండక్టరుకి కూడా తెలుసు."

"అబిగెయిల్! అడుగు బయట పెట్టావంటే చూడు," అంది రెబ్కా. ఆ గొంతుకి వార్డులో మగ రోగులు కూడా మంచం మీద సర్దుకుని పడుకుంటారట. ఈ పిల్ల గడియ తీసింది. నథానియేలు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఏ హక్కుతో ఆపాలో తెలియలేదు పాపం.

తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది. గడప దాటబోతూ అబిగెయిల్ వెనక్కి తిరిగింది. ఇంకెవరి వైపూ చూడలేదు. నన్నే చూసింది.

"అమ్మమ్మా, నువ్వొస్తావా?"

నా మోకాళ్ళ సంగతి దానికి తెలుసు. మందుల షాపు దాకా నడిస్తేనే ఇంటికొచ్చి వేడినీళ్ళ కాపడం పెట్టించుకుంటాను. యమున దాటి రెండు బస్సులు ఎక్కి దిగలేనని తెలుసు. తెలిసే అడిగింది. తోడు కోసం కాదు ఆ అడగడం. ఈ ఇంట్లో తన వైపు ఇంకా ఎవరైనా మిగిలారో లేదో చూసుకోవడానికి.

"అమ్మా, కదలకు," అంది రెబ్కా చేతులు ముఖం మీంచి తీయకుండానే. "నువ్వు వెళ్తే అది ఇంక నా మాట వినదు. నువ్వు కూర్చుంటే అదీ ఆగుతుంది. కూర్చో అమ్మా."

నా కూతురు నన్ను అలా బతిమాలడం, దాని పురుళ్ళప్పుడు తప్ప నేను వినలేదు.

అబిగెయిల్ ఎదురుచూస్తోంది, ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుని. కింద వీధిలో ఖర్బూజాలమ్మే బండివాడు అరుస్తూ పోతున్నాడు.

నేను మంచం పట్టె పట్టుకుని లేచాను. ఒక చెప్పు దొరికింది. రెండోదాని కోసం కాలితో తడుముతున్నాను.

రెబ్కా చేతులు దించి నావైపు చూసింది. మొగుడు దాచాడని తెలిసినప్పుడు కూడా దాని కళ్ళు అలా లేవు.

"నువ్వు కూడానా అమ్మా?" అంది.